పిట్టల్ని తోలే పాట మీద నా విమర్శ

నేను రాసిన మొట్టమొదటి వ్యాసంలో ‘తులనాత్మకంగా’ అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది. ఆ మాట నాకు అంతకు రెండు నెలల ముందే దొరికింది. అరకు శాఖా గ్రంథాలయంలో మూడో బీరువా, కింది అర, అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం. రెండింటిని పక్కపక్కన పెట్టి చూడడానికి ఇంత గంభీరమైన మాట ఒకటుందని తెలిశాక నేను ఊరుకోలేదు. సంతలో వంకాయలు కూడా తులనాత్మకంగానే ఏరాను. మా ఆయన చొక్కాలు రెండు ఆరేసి ఏది తెల్లగా వచ్చిందో తులనాత్మకంగా చెప్పాను.

“ఇదేటి రోగమే నీకు?” అన్నారాయన.

మాది శృంగవరపుకోట పక్క పల్లె. అయిదో తరగతితో బడి మానిపించారు. పెళ్ళయి నేను అరకు వచ్చేసరికి కొండ మీదికి రైలు వేసి ఎంతో కాలం కాలేదు. మా ఆయన స్టేషన్లో పాయింట్స్‌మన్, అంటే బండి ఏ పట్టాల మీదికి రావాలో ఆ మీట లాగే మనిషి. ఆయన డ్యూటీకి వెళ్తే క్వార్టర్లో నేనూ, కిటికీలో మబ్బూ. పచారీ పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదివేదాన్ని. ఒక కథ సగం కందిపప్పు పొట్లంలో వచ్చి, మిగతా సగం ఏ ఇంటికి పోయిందో తెలియక రెండు రోజులు అన్నం సయించలేదు. అది చూడలేక మా ఆయన గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకున్నారు. ఆయన తెచ్చే పుస్తకాలు ఎలా ఉండేవంటే, పశువుల గాలికుంటు జబ్బు మీద ఒకటి, ఎవరిదో నవల రెండో భాగం ఒకటి. “పల్చటిది ఏరి తెచ్చినాను. బేగి అయిపోద్ది గదా” అనేవారు. ఏడాది చూసి నేనే వెళ్ళడం మొదలుపెట్టాను.

అక్కడ ఒకే దినపత్రికని నాలుగు కాగితాలుగా విడదీసి నలుగురు మగవాళ్ళు చదువుతున్నారు. నలుగురూ తలెత్తారు. వాళ్ళలో పెద్దాయన, పార్వతీపురం వైపు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయి అరకులో స్థిరపడిన మాష్టారు, కళ్ళజోడు పైనుంచి చూసి అడిగారు.

“ఏం కావాలమ్మా?”

“అన్నీనండి” అన్నాను.

ఆయన నవ్వలేదు. “అయితే మొదటి బీరువాతో మొదలుపెట్టు” అన్నారు. మొదలుపెట్టాను. మూడో బీరువా కింది అరకి చేరడానికి నాకు పదేళ్ళకి పైగా పట్టింది. ఆ సంగతి ఇప్పటికీ ఎవరైనా అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను.

ఇక పాట సంగతి.

సంత వీధి మొదట్లో ఒక టీ హోటలుండేది. యజమానిది గోదావరి జిల్లా. అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. డెబ్బైలు మొదలైన కొత్తలో ఆయన విశాఖపట్నం నుంచి ఒక రికార్డు ప్లేయరు తెచ్చి, గల్లాపెట్టె పక్కన ఎత్తు బల్ల మీద పెట్టాడు. ఆయన దగ్గరున్నవన్నీ పెద్ద పళ్ళెమంత ప్లేట్లే, అంటే రికార్డులే, సినిమా కథలూ హరికథలూను. పెట్టెకి ఒక పక్క చిన్న మీట ఉండేది. షాపువాళ్ళు దాన్ని ఒక చోట నిలిపి ఇచ్చారట. అది కదిలితే ఎక్కడ పాడవుతుందోనని బాబాయ్ దాని మీద దెబ్బలకి వేసే ప్లాస్టరు అంటించేశాడు. “ముట్టుకోకండి, ఆయ్!” అనడం ఆయనకి ఊతపదమైపోయింది.

ఆ పెద్ద ప్లేట్ల మధ్యకి ఒకసారి సాసరంత చిన్న ప్లేటు వచ్చింది. పార్వతీపురం అవతలి పల్లె నుంచి ఒక జానపద గాయని మద్రాసు వెళ్ళి పాడి వచ్చిందనీ, అది ఆవిడ మొదటి ప్లేటనీ బాబాయ్ చెప్పాడు. ఒక్కో వైపు రెండేసి పాటలు. మొదటిది కంది చేను పాట.

కందిసేను కాడ కూకున్న పిట్టా
నీకేటి తొందర, నాకేటి తొందర

ఆ గొంతుని ఎలా చెప్పను! నూతిలోంచి చల్లటి నీళ్ళు చేదుకుంటున్నట్టు, నిండుగా, బరువుగా, ఒక్కో మాట ఆగి ఆగి పైకి వచ్చేది. ‘తొందర’ అనే మాట పూర్తయ్యేలోపు సగం గ్లాసు టీ తాగేయొచ్చు. వెనకాల డోలు గుహలో మోగినట్టుండేది. పిల్లనగ్రోవి కొమ్ముబూరలా మూలిగేది. బండల మీద బట్టలుతుకుతూ మేమందరం ఆ పాటే అంత నెమ్మదిగానే పాడేవాళ్ళం, ఉతుకుడు కూడా నెమ్మదించేది. మా ఆయన అయితే ఆ పాట వింటే కళ్ళు తుడుచుకునేవారు. ఎందుకండీ అంటే, “తెలీదే. ఆ పిట్టకి ఏదో కష్టమొచ్చినాది” అనేవారు.

శుక్రవారం సంతకి అల్లం, పిప్పళ్ళు తెచ్చి అమ్మే ఒక అక్క ఉండేది. కొండ మీద ఊళ్ళో ధింసా ఆటకి వరస ముందు నిలబడేది ఆవిడే. సరుకు అమ్ముడుపోయాక తన ఊరి ఆడవాళ్ళని హోటలు ముందు నిలబెట్టి, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి, ఆ ప్లేటుకి అడుగు వేయించేది. అడుగు అచ్చంగా సరిపోయేది. “ఈ అమ్మ మా అడుగు చూసి పాడింది. కింద ఊరిదాన్నని చెప్తోంది గాని, కొండలోనే పుట్టింది” అని తేల్చేసింది. దానికి తిరుగు లేదు. ఆ డోలు, ఆ బూర వింటే ఎవరికైనా అలాగే తోచేది.

ఒకసారి స్టేషను మాస్టరుగారి ఇంట్లో రేడియోలో ఆ పాట వచ్చింది. పరిగెత్తుకెళ్ళి విన్నాం. ఎవరో గుంట పిల్ల, పీచుగొంతు, పట్టాలు తప్పినట్టు గబగబా పాడేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే గ్రంథాలయానికి వెళ్ళి మాష్టారిని అడిగాను. “అనుకరణ. పేరొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ బెడద తప్పదు” అన్నారాయన. నేను రేడియోవాళ్ళకి కార్డు రాశాను. అసలు గాయని ఉండగా అనుకరించేవాళ్ళని ఎందుకు ప్రోత్సహిస్తున్నారని నిలదీశాను. జవాబు రాలేదు. సిగ్గుపడి ఊరుకున్నారనుకున్నాను.

అలా పదేళ్ళు గడిచాయి. ప్లేటు మీద గీతలు పడ్డాయి. ‘నాకేటి’ దగ్గర ముల్లు ఒకసారి ఎగిరేది. మేము పాడుకునేటప్పుడు కూడా అక్కడ ఒకసారి ఎగిరేవాళ్ళం.

ఎనభైలు వచ్చి క్యాసెట్లు మా వైపుకి చేరుతున్న రోజుల్లో, మా ఆయన విశాఖపట్నం వెళ్ళి ఆవిడ కొత్త క్యాసెట్ తెచ్చారు. ఎనిమిది పాటలు. అట్ట మీద ఆవిడ బొమ్మ. ఆవిడ ముఖం చూడడం మాకు అదే మొదటిసారి. స్టేషను మాస్టరుగారి టేపు రికార్డరు అడిగి తెచ్చి మా గుమ్మంలో పెట్టాం. బాబాయ్ హోటలు కట్టేసి వచ్చాడు. అక్క పిప్పళ్ళ బుట్టతో సహా వచ్చింది. మీట నొక్కాం.

పాట పరిగెడుతోంది. గొంతు సన్నగా, చురుగ్గా, అల్లరిగా ఉంది. చుట్టూ సినిమా వాయిద్యాలు.

“టేపు బిగుసుకుందేమోనండి” అన్నాడు బాబాయ్.

మా ఆయన పెన్సిల్ దూర్చి తిప్పి మళ్ళీ పెట్టారు. అదే గొంతు. వేరే క్యాసెట్ పెట్టి చూశాం, అది బాగానే ఉంది. అక్క లేచి నాలుగు అడుగులు వేసి చూసింది. కాలికి కాలు తగిలి బుట్ట మీద పడబోయింది.

“ఈ పాటకి అడుగు పడదు” అని కూర్చుంది. “పాపం, ఆ అమ్మకి జబ్బు చేసిందేమో.”

“జబ్బు కాదు. మద్రాసు” అన్నాడు బాబాయ్.

ఇదిగో, ఇక్కడ నేను రంగంలోకి దిగాను.

మా గ్రంథాలయానికి ఒక లిఖిత పత్రిక ఉండేది. అంటే అచ్చు లేదు. రాసినవాళ్ళ కాగితాలన్నీ మాష్టారు తన ముత్యాల అక్షరాలతో తిరగరాసి, అట్ట వేసి, దారంతో కుట్టి, బల్ల మీద పెట్టేవారు. మొత్తానికి ఉండేది ఒకే ప్రతి. ఏడాదికి ఒక సంచిక, గ్రంథాలయ వారోత్సవానికి. ఆఖరి పేజీలో ఆయన ‘సరిచూడబడినది’ అని రాసి సంతకం చేసేవారు. అందులో ఆడవాళ్ళెవరూ రాసి ఎరగరు. ఆ ఏడాది నేను వెళ్ళి, కంది చేను పాట గాయని మొదటి ప్లేటూ కొత్త క్యాసెట్టూ తులనాత్మకంగా పరిశీలిస్తూ ఒక విమర్శ రాస్తానన్నాను.

మాష్టారు నాలుగు తెల్లకాగితాలు లెక్కపెట్టి నా ముందు పెట్టారు. “నాలుగు పేజీలిస్తాను. నా నియమం తెలుసుగా? తప్పు రాసినవాళ్ళకి మళ్ళీ పేజీ ఇవ్వను.”

తెలుసు. పోస్టాఫీసు గుమస్తా ఒకాయన బొర్రా గుహల దగ్గరి ఏరు పేరు తప్పు రాసినందుకు, ఆ తర్వాత ఆయన పద్యాలు ఎన్ని తెచ్చినా మాష్టారు విప్పి కూడా చూడలేదు. నాకు భయం వేయలేదు. పదేళ్ళు విన్న పాట. దాదాపు మూడు బీరువాల చదువు. తప్పెక్కడినుంచి వస్తుంది?

ఎంత సంతోషంగా రాశానో! పొయ్యి మీద పాలు మూడుసార్లు పొంగిపోయాయి. మొదటి ప్లేటులో కరుణ రసం ఎలా ఉబికిందో రాశాను. చేను కాపలా కాసే ఆడదాని తరతరాల అలసట ఆ నెమ్మదిలో ఉందని రాశాను. గిరిజన వాద్యాలని ఆవిడ ఎంత శ్రద్ధగా వాడుకుందో రాశాను. చివరికి కొత్త క్యాసెట్ దగ్గరకొచ్చి, ‘గాంభీర్యం పోయి చాపల్యం మిగిలింది, విషాదం పోయి వేగం మిగిలింది’ అని రాసి, కలం పక్కన పెట్టి, ఆ వాక్యాన్ని నేనే పైకి చదువుకుని గదిలో రెండు చుట్లు తిరిగాను. మాష్టారు రెండు చోట్ల ఒత్తులు దిద్ది మిగతాదంతా యథాతథంగా తిరగరాశారు. “బాగుంది” అన్నారు. ఆయన నోటివెంట ఆ మాట విన్నవాళ్ళు అరకులో నాకు తెలిసి మరెవరూ లేరు.

అంతటితో ఆగితే బాగుండును. మాష్టారు ఆ గాయనికే ఉత్తరం రాశారు. మా ఊళ్ళో మీ పాట మీద ఒక విమర్శ వచ్చింది, పత్రిక ఆవిష్కరణకి మీరే రావాలి, రచయిత్రి మీ సమక్షంలో చదువుతుంది అని. ఆవిడ వస్తానని కార్డు రాసింది.

ఆ శుక్రవారం పాసింజరు బండికి అందరం స్టేషన్లో ఉన్నాం. మా ఆయన మీట లాగి, బండిని ఒకటో నంబరు మీదికి తెచ్చి, “ఒచ్చీసినాది, ఒచ్చీసినాది” అని పచ్చజెండాతోనే మా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఆవిడ పొట్టిగా, బొద్దుగా ఉంది. బండి పూర్తిగా ఆగకముందే దిగేసింది.

“అబ్బబ్బ, సొరంగాలు సొరంగాలు సొరంగాలు! టైడా దాటినకాడి నుండి సీకటీ ఎలుతురూ సీకటీ ఎలుతురూ, కళ్ళు మూసుకోనా తెరుసుకోనా తెలీకపోనాది. ఎవులే రాసినావు నా మీద? నువ్వేనా? గుంటలాగున్నావు. బేగి సెప్పు, మంచిగా రాసినావా సెడ్డగా రాసినావా? ముందు టీ ఎక్కడ?”

ఇదంతా ఒక్క ఊపిరిలో. గొంతు సన్నగా, చిలకలా ఉంది. అయ్యో, నిజంగానే గొంతు పోయింది, నేను రాసింది అక్షరాలా సరిపోయింది అనుకున్నాను. జాలీ గర్వమూ రెండూ కలిగాయి. గర్వమే కొంచెం ఎక్కువ.

సభ మూడింటికి. ముందు హోటలుకి తీసుకెళ్ళాం. బాబాయ్ కొత్త పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్కా, ఆవిడ ఊరి ఆడవాళ్ళూ చీరలు మోకాళ్ళ మీదికి బిగించి, కొప్పుల్లో పూలు పెట్టుకుని వరసగా ఉన్నారు. గాయని బెంచీ మీద కూర్చోగానే బాబాయ్ ప్లేటుని పంచె కొంగుతో తుడిచి, ముల్లు దించాడు.

కందిసేను కాడ... డోలు మోగింది. వరస కదిలింది. మాష్టారు కళ్ళు మూసుకున్నారు.

ఆవిడ టీ తాగుతూ రెండు చరణాలు విని, మర్యాదగా అడిగింది. “ఎవుడీ మగోడు? మంచి గొంతే. నా పాటని ఏడుపు సేసీసినాడు గాని, మంచి గొంతే.”

బాబాయ్ నవ్వాడు. “భలేవారండీ మీరు! మీ ప్లేటే కదండీ, ఆయ్.”

“నాదేటి?”

“మీదేనండి. మీ మొదటి ప్లేటు.”

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. బల్ల దగ్గరికెళ్ళి, ప్లేటుతోపాటు తలని గుండ్రంగా తిప్పుతూ చూసింది. తర్వాత పెట్టె పక్కకి వంగి ప్లాస్టరు మీద గోరు పెట్టింది.

“ముట్టుకోకండి, ఆ...” అని బాబాయ్ అనేలోపే దాన్ని చర్రున పీకేసి మీట ముందుకి తోసింది.

పాట ఒక్కసారి ఉలిక్కిపడి లేచింది. నూతిలోని గొంతు కొమ్మ మీదికెక్కింది. గుహలోని డోలు టకటకా డప్పయిపోయింది. కొమ్ముబూర పిల్లనగ్రోవి అయిపోయింది. పీచుగొంతు, పరుగు, అల్లరి. రేడియోలో పాడిన గుంట! క్యాసెట్‌లో పాడిన ఆవిడ! ఇద్దరూ కాదు, ఒక్కరే, అదీ మా ఎదురుగా నిలబడి నడుం మీద చెయ్యేసుకుని ఉంది. ధింసా వరసలో మొదటి నలుగురు ఆగిపోయారు, వెనకున్నవాళ్ళు ఆగలేదు. అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

“పెట్టె పాడు చేసేశారండీ!” అని బాబాయ్ గుండె పట్టుకున్నాడు.

“పదేళ్ళ నుంచి పాడుగున్నదాన్ని బాగు సేసినాను” అంది ఆవిడ. “నీ పెద్ద ప్లేట్లు నెమ్మదిగా తిరగాల, సిన్నది బేగి తిరగాల. నడుమ రాసే ఉంటాది గదా, నిమిషానికి నలభయ్యైదు సుట్లని. ఎవులూ సదవనేదా?”

అందరూ నా వైపు చూశారు. ఊళ్ళో చదివేది నేనే కదా. ఆ ప్లేటు నడుమ ఉన్న కాగితం నేను కొన్ని వందలసార్లు చదివాను. పాట పేరు చదివాను, ఆవిడ పేరు చదివాను, వాద్యకారుల పేర్లు కూడా చదివాను. అంచున ఉన్న అంకెని ఒక్కసారీ పట్టించుకోలేదు.

మా ఆయన మీట దగ్గరికి వంగి చూసి, నెమ్మదిగా అన్నారు. “రోజూ నేను లాగేది మీటలే. ఇది లాగాలని తోచనేదు సూడు.”

ముందు అక్కకి నవ్వొచ్చింది. కిందపడ్డచోటే పొట్ట పట్టుకుని నవ్వుతోంది. తర్వాత మా ఆయన. తర్వాత బాబాయ్, కళ్ళనీళ్ళు పెట్టుకుని. హోటలంతా ఊగిపోయింది. నాకూ నవ్వొచ్చింది, కాని సగంలోనే ఆపేశాను. ఎందుకంటే మాష్టారు నవ్వడం లేదు. ఆయన చంకలో పత్రిక ఉంది. పత్రికలో నా నాలుగు పేజీలున్నాయి. ఆ నాలుగు పేజీల్లో తప్పుకానిది నా పేరొక్కటే.

గ్రంథాలయానికి వెళ్ళే దారిలో ఆయన పక్కన నడుస్తూ బతిమాలాను. “ఆ పేజీలు తీసేయండి మాష్టారూ.”

“కుట్టేశాను.”

“విప్పుదాం.”

“కుట్టినది విప్పను. పిలిచి చదవనివ్వకపోవడం మర్యాద కాదు. చదువు.”

చదివాను. ఇప్పుడు తలుచుకుంటే నా జీవితంలో అంత సరదా అయిన అరగంట మరొకటి లేదు. అప్పుడు మాత్రం పత్రికలో ముఖం దాచుకుని మొదలుపెట్టాను. సంతకి వచ్చినవాళ్ళతో గది నిండిపోయి, కిటికీల్లో కూడా తలలున్నాయి. విషయం అప్పటికే సంతంతా పాకింది.

‘ఈ గీతంలో కరుణ రసం పొంగి పొరలుతున్నది’ అని చదవగానే ఆవిడ ముందు వరసలోంచి, “కరుణేటి తల్లీ? అది పిట్టల్ని తోలే పాట! గట్టిగా, గబగబా అరవాల. నెమ్మదిగా పాడితే పిట్ట పోద్దేటి? కూకుని కందులన్నీ తినీసి, ఇంకో పాట పాడమంటాది!” అంది.

‘తరతరాల అలసట’ అన్నాను.

“అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. అలుపేటో తెలీదు.”

‘గిరిజన వాద్యాలను శ్రద్ధగా వినియోగించిన’ అన్నాను.

“మా మరిది డప్పు. మేకతోలు!”

ఇక నాకు నవ్వు ఆగలేదు. చాపల్యం దగ్గరికొచ్చేసరికి అక్షరాలు కనబడలేదు. ఆ వాక్యం, నేను గదిలో రెండు చుట్లు తిరిగిన వాక్యం, ఆవిడే నా చేతిలోంచి పత్రిక లాక్కుని చదివింది. “విషాదం పోయి వేగం మిగిలినాది! అబ్బ, ఎంత బావుందే! తప్పే గాని ఎంత బావుందే!”

సభ అయ్యాక ఆవిడ ఒక మాట అడిగింది. మళ్ళీ హోటలుకి పోయి, ప్లేటుని మా పద్ధతిలోనే వినాలని. బాబాయ్ మీట వెనక్కి తోశాడు. ఆవిడ ఆ నెమ్మదికి గొంతు కలపబోయింది. అంత కిందికి దిగలేక దగ్గొచ్చి, నవ్వొచ్చి, వదిలేసింది. అప్పుడు అక్క ఆవిడ చెయ్యి పట్టి వరసలోకి లాగింది. నన్నూ లాగింది. పాడడం రానిచోట ఆవిడ అడుగు నేర్చుకుంది. మూడోసారికి పడింది. ‘నాకేటి’ దగ్గర ముల్లు ఎగిరినప్పుడు మేమందరం అలవాటుగా ఒక అడుగు ఎగిరితే, ఆవిడొక్కతే వెనకబడిపోయి “ఇదేటి, నా పాట నాకే రాదు!” అని అరిచింది.

బండి వేళయింది. స్టేషనుకి వెళ్ళబోతూ ఆవిడ మాష్టారిని అడిగింది. “మళ్ళీ ఎప్పుడు రాస్తాదీ గుంట?”

“రాయదమ్మా” అన్నారు మాష్టారు. “నియమం ఉంది. తప్పు రాసినవాళ్ళకి పేజీ లేదు.”

నవ్వులన్నీ ఆగిపోయాయి. నాకు తెలుసు ఆ మాట వస్తుందని. నాలుగు పేజీలు. అంతే, ఇక జన్మలో అంతే.

“సరే మరి. తప్పు దిద్దడానికి పేజీ ఎవులికిస్తావు?” అంది ఆవిడ.

మాష్టారు పత్రిక తెరిచి ఆఖరి పేజీ చూశారు. ఆయన పత్రికలో తప్పు రాసినవాళ్ళున్నారు గాని, దిద్దుతామని వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. దానికి నియమం పెట్టలేదు. పైగా ఆ రేడియో పాట అనుకరణ అని తేల్చింది ఆయనే. ఆ పేజీల కింద ‘సరిచూడబడినది’ అని సంతకం పెట్టింది కూడా ఆయనే.

“నేను చూసి సరిచూశాను” అన్నారు చివరికి. “విని సరిచూడలేదు.” నా వైపు తిరగకుండానే, “సవరణకి ఒక పేజీ. ఒక్కటే” అన్నారు.

ఆ వారమంతా నేను పాట వింటూనే ఉన్నాను. పొద్దున్న హోటల్లో సరైన వేగంలో ప్లేటు, మధ్యాహ్నం ఇంట్లో క్యాసెట్. ఈసారి ముందు విన్నాను, తర్వాత రాశాను. మొదటి ప్లేటులో పద్దెనిమిదేళ్ళ పిల్ల ఊపిరి తీసుకోడానికి కూడా తీరిక లేకుండా పాడుతోంది. పిట్ట ఎగిరిపోయినా తాను ఆగదు. క్యాసెట్‌లో అదే అల్లరి ఉంది, కాని ఎక్కడ ఆగాలో తెలిసింది. రెండో వైపు మూడో పాట, బస్సు తప్పిపోయిన పెళ్ళికూతురి పాటలో, ఒకచోట ఆగి ఊపిరి పీలుస్తుంది. ఆ ఊపిరి దగ్గరే నవ్వొస్తుంది. ఆ సినిమా వాయిద్యాలు మాత్రం ఇప్పటికీ నాకు అక్కర్లేదు. ఎనిమిదింట్లో అయిదు పాటలు మొదటి ప్లేటు పక్కన నిలబడతాయి, రెండు నిలబడవు, ఒకటి దాన్ని దాటింది. ఇక మా హోటలు పాట, ఆ నెమ్మది పాట, ఈ రెండింటిలో ఏదీ కాదు. అది మూడోది. దాన్ని ఎవరూ పాడలేదు. అయినా పదేళ్ళు మేము విన్నాం, ఉతికాం, ఏడ్చాం, అడుగేశాం. ఆ విన్నది తప్పు కాదని కూడా రాశాను.

సవరణ పదకొండు పేజీలు వచ్చింది.

కాగితాలు బల్ల మీద పెట్టి, తల వంచుకుని నిలబడ్డాను. మాష్టారు వేలు తడుపుకుంటూ లెక్కపెట్టారు. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టారు. దినపత్రిక నాలుగు ముక్కలూ నాలుగు ముఖాల మీదినుంచి కిందికి దిగాయి.

“నేను ఒకటి అన్నాను” అన్నారు మాష్టారు.

“తప్పు పెద్దదండీ” అన్నాను.

ఆయన కూర్చుని మొత్తం చదివారు. ఒక చోట ఒత్తు దిద్దారు. తర్వాత, తాను తిరగరాయకుండానే, నా కోడిగీతల కాగితాలనే సర్ది పత్రిక వెనక పెట్టి, సూదీ దారం తీశారు. పొడిచారు. దిగలేదు. బొటనవేలితో అదిమారు, సూది వంగిపోయింది.

“మీ ఇంట్లో దబ్బనం ఉందా?” అన్నారు.

ఉంది. మా ఆయన గోనెసంచులు కుట్టేది. పరిగెత్తాను.